ఎత్తిరాసిందే మిగిలింది

మగ్గం అట్ట, టేపురికార్డరు క్యాసెట్టు, ఫ్లాపీ... ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఒక తరం తన లెక్కల్నీ అక్షరాల్నీ దాచుకున్న చోట్లివి. వాటిలో ఏది మిగిలింది, ఏది పోయింది, ఎందుకు పోయింది? ఓ పాత డబ్బా మూత తీస్తే తెలిసిన కథ.

పోయిన వేసవిలో ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దించాం. ఇత్తడి గంగాళం, ఊడిపోయిన ఉయ్యాల బల్ల, నాయన రాసిన ఖాతా పుస్తకాలు, వాటి వెనకాల ఒక రేకు బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే లోపల ముప్పైఒక్క ఫ్లాపీలు. నల్లవి, నీలివి, రెండు మాత్రం పసుపువి. అన్నిటి మీదా నా చేతిరాతే. ‘పెళ్లికార్డులు 97’, ‘జాతర కరపత్రం’, ‘పత్తి రేట్లు’, ‘సారు మాటలు 1’, ‘సారు మాటలు 2’.

మా అమ్మాయి ఒకటి తీసుకుని, దాని రేకు తలుపును గోటితో పక్కకు జరిపింది. లోపల గోధుమరంగు బిళ్ల తళుక్కుమంది. వేలు వదిలితే తలుపు టక్కున మూసుకుంది. రెండుమూడుసార్లు అలాగే తీసి వేసి, “ఇందులో ఏముందమ్మా?” అని అడిగింది.

ఏముందో చీటీ మీద రాసే ఉంది. అయినా నేను జవాబు చెప్పలేకపోయాను. అది ఇంకా లోపల ఉందో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముఖ్యంగా ఆ రెండు పసుపు ఫ్లాపీల గురించి.

మండీలో మొదటి పాఠం

నాయన ఆదోనిలో ఒక పత్తి కమీషన్ మండీలో గుమాస్తా. ఆదోనిని పెద్దవాళ్లు ‘రెండో బొంబాయి’ అనేవాళ్లు. పత్తి మార్కెట్టు, జిన్నింగు ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, బొంబాయి నుంచి మద్రాసుకు పోయే రైలు దారి... ఊరికి ఆ పేరు రావడానికి ఇవన్నీ కారణాలే. దసరా దాటిందంటే మార్కెట్ యార్డు నిండా పత్తే. చుట్టుపక్కల పల్లెల బండ్లు, ట్రాక్టర్లు, వేలం పాటలు, కాటాలు, హమాలీల కేకలు. రైతుకు తూకం, ధర చూపే తక్‌పట్టీ రాసిచ్చి పంపేసరికి మొబ్బయ్యేది.

అసలు పని ఆ తర్వాతే. పగలు జరిగిన బేరాలను చిట్టాలో గబగబా రాసుకున్నాక, రాత్రి దీపం దగ్గర కూర్చుని ఒక్కొక్క పద్దూ ఆవర్జాలోకి ఎత్తిరాయాలి. నాయన చిట్టా మీద ఒక వేలు పెట్టి, ఆవర్జాలో రాసి, చిట్టాలో ఆ పద్దు పక్కన చిన్న గీత పెట్టేవాడు. గీత పడితే ఎత్తిరాసినట్టు. నిద్ర ముంచుకొస్తున్నా ఒక్క పద్దు మిగిల్చేవాడు కాదు. “ఒకతావున రాసింది రాసినట్టు గాదు పాపా. ఎలకలు కొడితే, వాన కారితే, మన బతుకేంగావాల?” అనేవాడు.

ఆ మాట అప్పుడు నాకు మండీ లెక్కలకు సంబంధించిందిగానే వినపడింది. దాని బరువు తెలియడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

చిల్లుల భాష

సెలవులొస్తే ఎమ్మిగనూరు. అవ్వగారి ఊరు. ఆదోని నుంచి ముప్పై కిలోమీటర్ల దూరం. సోమప్ప సర్కిల్లో బస్సు దిగి నడిచి పోతుంటే సందు మలుపులోనే మగ్గాల చప్పుడు వినపడేది. ఆ సర్కిల్‌కు పేరు తెచ్చిన మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. నేతగాడికి నూలు, కూలి, అమ్మకం మూడూ ఒకచోట దొరికేలా చేసినందుకు 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పటి అంటే ఊరూరా తెలిసిన పేరు కావడం వెనక ఆ చేతులున్నాయి.

మా మేనమామ ఇంట్లో మగ్గం మీద, దూలాలకు బిగించి ఒక జకార్డు పెట్టె ఉండేది. దాని పక్కన దండలా వేలాడే అట్టలు. చేతి వెడల్పున గట్టి అట్ట, వరసలు వరసలుగా చిల్లులు. దారంతో ఒకదానికొకటి కుట్టి ఉండేవి. మామ కాలితో చెక్క తొక్కితే పైన దండలో ఒక అట్ట తిరిగి పెట్టెకు ఆనుకునేది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దానికి కట్టిన పడుగు దారం పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది, దారం కిందే ఉంటుంది. లేచిన దారాల సందులోంచి నాడె దూసుకుపోతుంది. ఒక అట్టకు ఒక పేక. వంద అట్టలు తిరిగితే ఒక హంస. మళ్లీ మొదటికొస్తే మళ్లీ హంస.

చిల్లు ఉందా, లేదా. ఈ రెండు మాటలతోనే పువ్వూ, హంసా, అంచూ అన్నీ. కంప్యూటరు ఒకట్లు, సున్నాలతో నడుస్తుందని తర్వాత్తర్వాత నాకు చెప్పినప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు. అవ్వగారింట్లో చూసిందే.

ఇది ఉత్త పోలిక కాదు. ఫ్రాన్సులోని లియోన్ పట్నంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. అతని ముఖాన్నే పట్టు మీద నేసిన ఒక చిత్రానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ చిత్రాన్ని సంపాదించి ఇంట్లో పెట్టుకున్న ఆంగ్లేయుడు చార్లెస్ బాబేజ్, తాను కలగన్న లెక్కల యంత్రానికి ఇవే చిల్లుల అట్టలు వాడాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ చిల్లుల కార్డులు వాడాడు. అక్కణ్నుంచి ఐబీఎం 80 వరసల కార్డు దాకా, నూరేళ్లకు పైబడిన ఈ దారి మొదలైంది మగ్గం దగ్గరే.

మామ దగ్గర నేను బాగా గమనించిన పని ఇంకొకటుంది. వాడగా వాడగా అట్ట చిల్లుల దగ్గర చినుగుతుంది. అప్పుడు పాత అట్టను కొత్త అట్ట మీద పెట్టి, చిల్లు ఉన్నచోటల్లా ఇనప మేకుతో గుద్దేవాడు. కొత్తదాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పాతదానితో సరిచూసుకున్నాకే దండలో కుట్టేవాడు. నాయన రాత్రి దీపం దగ్గర చేసే పనే అది. పేరు వేరు, అంతే.

పాడే కంప్యూటరు

1989లో మా వీధిలోకి మొదటి కంప్యూటరు వచ్చింది. బొంబాయిలో పని చేసే పక్కింటి అన్న పండక్కి వస్తూ రైల్లో తెచ్చాడు. పుణేలో డెసిబెల్స్ అనే సంస్థ ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో అమ్మిన యంత్రం. బ్రిటన్లో 1982లో క్లైవ్ సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌కు మన దేశపు రూపం. మెమరీ 48 కిలోబైట్లు. ఇప్పుడు ఫోనుతో తీసే ఒక్క ఫొటోకు కూడా అది చాలదు.

అన్న దాన్ని టీవీకి కలిపాడు. ఇంకో తీగను టేపురికార్డరుకు పెట్టాడు. వీధి పిల్లలమంతా చాప మీద కూర్చున్నాం. ఒక్కో మీట మీద నాలుగైదు ఇంగ్లిషు మాటలు అచ్చు వేసి ఉన్నాయి. ‘జె’ అక్షరం నొక్కితే తెర మీద ‘లోడ్’ అన్న మాట మొత్తం పడింది. అక్షరం నొక్కితే మాట రావడం చూసి మా చెల్లెలు చప్పట్లు కొట్టింది.

“సద్దు చేయద్దండప్పా” అని అన్న టేపు నొక్కాడు. ముందు ఈల వేసినట్టు ఒకే స్వరం. టీవీ అంచు చుట్టూ ఎరుపూ లేతనీలమూ చారలు. ఆ తర్వాత గీరుకుపోయే రొద, దానితోపాటే పసుపూ నీలమూ సన్నటి చారలు పరుగులు. అయిదు నిమిషాలు అలాగే. ఎవరం ఊపిరి తీయలేదు. సరిగ్గా చివర్లో రొద ఆగి ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని పడింది. అన్న విసుక్కోలేదు. టేపు వెనక్కి తిప్పి, శబ్దం ఒక పిసరు తగ్గించి, చిన్న స్క్రూడ్రైవరుతో టేపు హెడ్డు పక్కనున్న మరను పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టాడు. మూడోసారికి ఆట తెర మీదికొచ్చింది.

క్యాసెట్టు 1963లో ఫిలిప్స్ సంస్థ మాటలూ పాటలూ పట్టడానికి తెచ్చిన వస్తువు. లెక్కల్ని కూడా శబ్దంగా మార్చి దానిమీదే పెట్టొచ్చని కనిపెట్టాక, ఖరీదైన పెట్టెలు కొనలేని ఎంతోమంది పిల్లలకు కంప్యూటరు అందింది. ఆ వేసవిలో నేను రాసిన మొదటి ప్రోగ్రాము క్వింటాళ్లు, రేటు అడిగి కమీషన్ ఎంతో చెప్పేది. దాన్ని క్యాసెట్టుకెక్కించి నాయనకు చూపించాను. ఆయన చిత్తుకాయితం మీద లెక్క వేసి సరిచూసుకున్నాడు. “సరిగ్గానే వచ్చింది” అని, కాసేపు ఆలోచించి, “ఇంకో టేపులోకి గూడ ఎత్తిపెట్టుకో” అన్నాడు.

పెట్టుకోలేదు. ఆ టేపు ఎటు పోయిందో తెలియదు.

చెప్పులు బయట

దేశంలో కంప్యూటరు అప్పటికి కొత్తేమీ కాదు. హైదరాబాదులో ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12ను బయటికి తెచ్చింది. 1984లో కేంద్రం కంప్యూటర్ల దిగుమతి సులువు చేసింది. అదే ఏడు ‘క్లాస్’ పథకం కింద 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే మాబోటి ఊళ్లకు ఈ విద్య సర్కారు దారిలో రాలేదు, టైపు ఇన్‌స్టిట్యూట్ల దారిలో వచ్చింది. లోయరు, హయ్యరు పరీక్షలకు మిషన్లు కొట్టే హాలు వెనక చిన్న గదికి పరదాలు కట్టి, చల్లటి మిషను బిగించి, రెండు కంప్యూటర్లు పెట్టారు.

1992లో ఇంటరు పరీక్షలు రాసి ఆ గదిలోకి పోయాను. చెప్పులు బయట విడవాలి. కాళ్లు తుడుచుకోవాలి. గుడిలోకి పోయినట్టే. దుమ్ము పడితే మిషను పాడవుతుందన్న భయంతో పెట్టిన నియమం అది. మాలో కొందరు మాత్రం వైరస్ కూడా కాళ్ల దుమ్ముతోనే వస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు.

మాకు హార్డ్ డిస్కు లేదు. పైన ఒక సందు, కింద ఒక సందు. పై సందులో డాస్ ఫ్లాపీ పెడితేనే మిషను లేస్తుంది. కింది సందులో మనది. అయిదుంబావు అంగుళాల పల్చటి ఫ్లాపీ, వంచితే వంగిపోయేది, 360 కిలోబైట్లు పట్టేది. పక్కన ఒక చిన్న గంటు ఉండేది. దానిమీద వెండి చీటీ అంటిస్తే ఇక అందులో ఎవరూ రాయలేరు, చదవగలరంతే. నా మొదటి ఫ్లాపీని లెక్కల పుస్తకం నడిమి పేజీల్లో పెట్టుకుని, పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని ఇంటికి నడిచిన ఆ సాయంకాలం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నా చదువులో ఒక ముక్క మొట్టమొదటిసారి పుస్తకం కాని దాన్లో ఉంది.

1993 జనవరి 5. మిషను పెట్టగానే ఆగిపోయి, జోషికి పుట్టినరోజు శుభాకాంక్షలు కొట్టమని ఇంగ్లిషులో అడిగింది. మాలో జోషి ఎవరూ లేరు. ఇన్‌స్టిట్యూట్ సారు నిదానంగా ఆ మాటలే కొట్టారు. మిషను కదిలింది. 1990లో మన దేశంలోనే బయటపడ్డ ‘జోషి’ వైరస్ అది. ఏడాదికొక్కరోజు బయటపడి, మిగతా రోజులు ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకేది. దానికన్నా ముందు 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ వైరస్ కూడా అలాగే చేతుల మీదుగా దేశాలు దాటింది. ఇంటర్నెట్టు లేని రోజుల్లో మంచైనా చెడైనా మనిషి జేబులో కూర్చుని బస్సెక్కి పోవాల్సిందే.

ఆ రోజుల కొలతలు

* ఐబీఎం 1971లో తెచ్చిన తొలి ఫ్లాపీ వెడల్పు 8 అంగుళాలు. అయిదుంబావు అంగుళాలది 1976లో వచ్చింది.
* గట్టి డొక్కు, రేకు తలుపు ఉన్న మూడున్నర అంగుళాల ఫ్లాపీని సోనీ 1981లో చూపించింది. 1987 నుంచి అందులో 1.44 మెగాబైట్లు పట్టాయి.
* 128 గిగాబైట్ల ఫోనులో పట్టే సరుకు ఫ్లాపీల్లో పెట్టాలంటే దాదాపు 87 వేలు కావాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే 285 మీటర్ల ఎత్తు దాటుతుంది. ఆదోని కోట కొండలు మైదానం నుంచి 800 అడుగులని పాత గెజిటీరు రాసింది. ఫ్లాపీల దొంతర దానికన్నా 130 అడుగులు పైకే పోతుంది.
* జపానులో సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. అక్కడి ప్రభుత్వ దాఖలాలకు ఫ్లాపీ కావాలన్న నిబంధనలు 2024లో గాని పోలేదు.

అక్షరాలకు మారువేషం

1996లో ఎమ్మిగనూరులో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పెళ్లికార్డులు, రసీదు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, ఎన్నికల కరపత్రాలు. సంక్రాంతి ముందర ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పనులొస్తే రాత్రి పగలు ఒకటే. పేజ్‌మేకరులో కూర్చి, ట్రేసింగ్ కాయితం మీద తీసి, ప్రెస్సుకు పంపాలి.

అప్పటి తెలుగు ఎలా పనిచేసేదో ఇప్పటివాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. కంప్యూటరుకు తెలుగు రాదు. ఇంగ్లిషు అక్షరాలొక్కటే వచ్చు. అందుకని శ్రీలిపి, అను వంటి ఫాంట్లు చేసినవాళ్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. వాటిని కలుపుకుంటూ పోతే కంటికి తెలుగు కనపడేది. కంప్యూటరు మాత్రం లోపల ఇంగ్లిషు ముక్కలే రాసుకునేది. ఫాంటు ఉన్న మిషనులో అది ‘శ్రీరస్తు, శుభమస్తు’. ఫాంటు లేని మిషనులో పిచ్చి గీతలు.

అప్పటికే ఇంకో దారిలో పనిచేసేవాళ్లున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు 1990ల తొలినాళ్లలో తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఒక క్రమం ఏర్పరిచారు. ఆర్‌టీఎస్ అనే ఆ పేరులో మొదటి మాట వాళ్ల విశ్వవిద్యాలయానిదే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు సొంత స్థానాలు దక్కాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఊళ్లలోని డీటీపీ సెంటర్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత ఫాంట్లతోనే నడిచాయి. అంటే పాతికేళ్ల పాటు మన పల్లెల్లో, చిన్న పట్నాల్లో టైపు చేసిన తెలుగులో ఎక్కువ భాగం మారువేషంలోనే నిద్రపోతోంది.

ఎమ్మిగనూరులో కూర్చిన పేజీలు ఆదోని ప్రెస్సుకు చేరాలంటే నేనో, మా కుర్రాడో బస్సెక్కాలి. మే నెల ఎండకు బస్సు రేకులు కాలిపోతుంటే ఫ్లాపీలను తడి ఆరిన రుమాల్లో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకునేవాళ్లం. ఒకే ఫైలు రెండు ఫ్లాపీల్లో. పెద్ద ఫైలయితే ముక్కలు చేసి అయిదారింట్లో ఎక్కించాలి. అన్నీ బాగుండి ఒక్కటి మొరాయించినా మొత్తం పోయినట్టే, మళ్లీ తిరుగు బస్సు.

మండీలోకీ కంప్యూటరు వచ్చింది. బెంగళూరులో బట్టల మిల్లులకు యంత్రభాగాలు అమ్మే ఒక వ్యాపారి, తన లెక్కలకు సరిపడేది బజార్లో దొరక్క కొడుకుతో రాయించుకున్న ప్రోగ్రామే 1986లో ‘టాలీ’కి పునాది. బట్టల మిల్లుల సరుకు లెక్కల కోసం పుట్టింది పత్తి లెక్కలకు చేరుకోవడం సహజమే. దీపావళి లక్ష్మీపూజలో ఆవర్జా పక్కన కీబోర్డుకు కూడా పసుపూ కుంకుమా పెట్టారు. నాయన మాత్రం ఉద్యోగం మానేదాకా చేత్తో చిట్టా రాస్తూనే ఉన్నాడు. కరెంటు పోయిన రాత్రుల్లో షావుకారు కూడా దానికోసమే అడిగేవాడు.

సారు మాటలు

1999లో ఒక రిటైరైన తెలుగు పంతులుగారు మా సెంటరుకు వచ్చారు. సంచిలో నాలుగు లాంగ్ నోటుబుక్కులు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం చుట్టూ పల్లెల్లో జనం నోట విన్న మాటలు, వాటి అర్థాలు, ఎవరు ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకున్నారు. కన్నడ గాలి తగిలే సీమ మాది. తెలుగులో ఇక్కడి తీపి వేరు. ముప్పై ఏళ్ల పాటు ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరి మాటలు ఏరుకున్న మనిషి. “అచ్చెయ్యడానికి ఇప్పుడు డబ్బుల్లేవమ్మా, ముందు కూర్చి పెట్టు. ఎప్పుడో ఒకప్పుడు వేద్దాం” అన్నారు.

ఏడు నెలలు పట్టింది. రోజూ సాయంత్రం వచ్చి ప్రూఫు చూసుకునేవారు. ‘బిరీన’ దగ్గర దీర్ఘం పోతే ఊరుకునేవారు కాదు. ‘ఊరుబిండి’కి అర్థం రాస్తే చాలదని ఎలా నూరతారో కూడా చేర్చమన్నారు. పూర్తయ్యాక రెండు పసుపు ఫ్లాపీల్లో ఎక్కించాను. అ నుంచి న దాకా ఒకటి, ప నుంచి హ దాకా ఒకటి. ఇంకో జత చేసి ఆయనకిద్దామనుకున్నాను. జాతర పనులు మీద పడ్డాయి. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకున్నాను.

2001లో మా మిషను హార్డ్ డిస్కు పోయింది. సారు మాటలు ఎలాగూ ఫ్లాపీల్లో ఉన్నాయి కదా అని ధైర్యం. మొదటిది పెట్టి చూశాను. డ్రైవు గురగురమని, ఆగి, మళ్లీ గురగురమంది. తెర మీద డాస్ ఎప్పుడూ అడిగే మూడు మాటలు. అబార్ట్, రీట్రై, ఫెయిల్. ‘రీట్రై’ అన్నాను. రాత్రి తొమ్మిదింటిదాకా అదే అన్నాను. రెండోది పెట్టడానికి చెయ్యి రాలేదు. రెండూ డబ్బాలో పెట్టి మూత వేశాను. సారుకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన నోటుబుక్కులు ఆయన దగ్గరే భద్రంగా ఉన్నాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఆయన కర్నూల్లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడే కాలం చేశారు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు సగం మునిగినప్పుడు, మంత్రాలయం నీళ్లలో నిలబడినప్పుడు, ఆ ఇంట్లో కింది అంతస్తు మొత్తం బురదలో కూరుకుపోయింది. నాలుగు నోటుబుక్కులూ ఆ బురదలోనే పోయాయని వాళ్లబ్బాయి చెప్పాడు.

అటక మీది డబ్బా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే.

డబ్బా తెరిస్తే

యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఒకటి తెప్పించాను. ఒక్కొక్కదాని రేకు తలుపు తీసి వెలుతురులో చూశాను. కొన్నిటి బిళ్ల మీద తెల్లటి మచ్చలు, బూజు. అవి పక్కన పెట్టి శుభ్రంగా ఉన్నవాటితో మొదలుపెట్టాను. పాతికేళ్ల తర్వాత మళ్లీ ఆ గురగుర. మా అమ్మాయి పక్కనే కూర్చుని కాయితం మీద గీతలు పెట్టింది. ముప్పైఒక్కటిలో పద్నాలుగు పూర్తిగా వచ్చాయి. ఆరు సగం సగం. పదకొండు ఇక లేవలేదు.

‘సారు మాటలు 1’ లేవలేదు.

‘సారు మాటలు 2’ పెట్టేటప్పుడు నా చేతులు వణికాయి. గురగుర, ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత ఫైళ్ల పేర్లు వరసగా పడ్డాయి. తెరిస్తే పేజీ నిండా పిచ్చి గీతలు. “పోయిందామ్మా?” అంది మా అమ్మాయి. “పోలేదు, ఆగు” అని పాత ఫాంటు ఎక్కించాను. గీతలన్నీ ఒక్కసారిగా సర్దుకుని తెలుగయ్యాయి. బిరీన. బేస్తవారం. మొబ్బు. సద్దు. ప్రతి మాట కిందా సారు పట్టుబట్టి రాయించిన వివరం. బేస్తవారం అంటే గురువారమని తెలియని మా అమ్మాయి, ఒక్కో మాటా పైకి చదువుతూ పోయింది. ఆ గదిలో సారు గొంతు మళ్లీ విన్నట్టయింది.

సగం దక్కింది. ఊరుబిండి, కసువు, తావు, ఎనుము ఉన్న మిగతా సగం పోయింది. ఎండ వల్లనో, బూజు వల్లనో బిళ్ల మీది అయస్కాంతపు గుర్తులు చెరిగిపోయాయి. కానీ అసలు కారణం అది కాదు. రెండో జత చేయకపోవడం. తాటాకులు ఎన్నాళ్లు మన్నాయని! వాటిని పురుగు తినేలోపు ఎవరో ఒకరు ఇంకో ఆకు మీదికి ఎత్తిరాశారు కాబట్టే మన పద్యాలు మిగిలాయి. కడపలో ఇల్లు కొని, పండితులకు జీతాలిచ్చి, సి.పి.బ్రౌన్ చేయించింది కూడా ఆ పనే. ఆకు గొప్పదా, కాయితం గొప్పదా, ఫ్లాపీ గొప్పదా అన్నది ప్రశ్న కాదు. పక్కన కూర్చుని ఎత్తిరాసే మనిషి ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

మీ అటక మీద కూడా ఉంటే...

* పాత ఫ్లాపీని తొందరపడి డ్రైవులో పెట్టొద్దు. తలుపు జరిపి చూడండి. బూజు ఉంటే ముందు శుభ్రం చేయించాలి. లేకపోతే డ్రైవు హెడ్డుకు అంటుకుని మిగతావాటినీ గీరేస్తుంది.
* మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలన ఉన్న చిన్న బిళ్ల జరిపి, చిల్లు కనపడేలా పెట్టండి. అప్పుడు పొరపాటున కూడా అందులో ఏదీ రాయడం కుదరదు.
* ఒక్కో ఫైలు కాకుండా, ముందు ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఇమేజిగా కంప్యూటరులోకి తీసుకోండి. తర్వాత ఆ నకలు మీదే పని చేయండి.
* పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు కంటితో సరిచూడాలి. అసలు ఫైలునూ, ఫాంటునూ పారేయొద్దు.
* క్యాసెట్లను ఒకసారి మొత్తం ఆడించి శబ్దాన్ని కంప్యూటరులో పట్టండి. గీరుకుపోయే రొదే ఉన్నా సరే పట్టండి. ఆ శబ్దం నుంచే పాత ప్రోగ్రాములను మళ్లీ నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది.
* ఇంట్లో రాసుకున్న సీడీలూ ఎండకు చెడతాయి. అవీ ఈ జాబితాలోవే.
* మూడు నకళ్లు చేయండి. రెండు రకాల వస్తువుల్లో పెట్టండి. ఒకటి వేరే ఊళ్లో ఉంచండి.

మామ చెప్పిన మాట

దక్కిన సగాన్ని యూనికోడ్‌లోకి మార్చి, కాయితం మీద అచ్చు తీసి ఎమ్మిగనూరు పట్టుకుపోయాను. మామకు ఇప్పుడు ఎనభై దాటింది. మగ్గం ఆపి చాలా ఏళ్లయింది. జకార్డు పెట్టె అమ్మేశాడు గాని అట్టల దండ ఒకటి గూట్లో చుట్టి పెట్టుకున్నాడు. దాన్ని దించమన్నాడు. చూపు ఆనదు. మొదటి అట్ట ఒళ్లో పెట్టుకుని చిల్లుల మీద వేళ్లు పోనిచ్చాడు. రెండోది, మూడోది. “హంస అంచు ఇది. తల కాడ్నుంచి మొదలైతాది” అన్నాడు. నలభై ఏళ్ల కిందటి అట్టలో హంస అలాగే ఉంది, వేళ్లకు తగులుతూ.

సారు కథ మొత్తం చెప్పాను. కాయితాలు తడిమి చూశాడు. “ఇది గూడ ఎన్నాళ్లుంటాది పాపా?” అని అడిగాడు.

“ఎవరో ఒకరు ఎత్తిరాస్తా పోతే ఉంటాది మామా.”

“అంతే కదా. ఈ అట్టలు గూడ మా నాయన కొట్టినవి గావు. ఆయన కొట్టినవి పెట్టి నేను కొట్టినవి.” కాసేపు ఊరుకున్నాడు. “పోయినవి యా అక్షరాల కాడ్నుంచి?”

“అ నుంచి న దాకా.”

మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. “రాసుకో అయితే” అన్నాడు. “అంగడి. ఊరుబిండి. ఎనుము. కండె. కసువు...” మా అమ్మాయి బిరీన నోటుబుక్కు తెరిచింది. నేను ఫోనులో అతని గొంతు పడుతున్నాను. పిల్ల ఒక్కొక్క మాటా రాసి, పక్కన చిన్న గీత పెడుతోంది. ఆ గీత దానికి ఎవరు నేర్పారో నాకు గుర్తులేదు.